గ మీద ఎత్వం

గాజువాక,
జూన్ 1998

తాయారూ,

నువ్వు రైలెక్కి నెల దాటింది. ఒక్క కార్డు ముక్క రాసిన పాపాన పోలేదు. ఆ కిరండూల్ కొండలు చూసుకుంటూ మమ్మల్ని మర్చిపోయిందే అని మా కీర్తనతో అంటే, "తాయారత్త మర్చిపోదమ్మా, తిట్టుకుంటూ ఉంటుంది" అంది. చూశావా, మా చంటిదానికి కూడా నీ సంగతి తెలుసు.

మీరు ఖాళీ చేసిన వాటాలోకి కసింకోట వాళ్ళెవరో దిగారు. మనుషులు మంచివాళ్ళే. కానీ మధ్యాహ్నం పూట పిట్టగోడ మీంచి "ఏటే భవానీ, ఏటి సేత్తన్నావ్" అని కేకేసేవాళ్ళు లేరు. మండపేట నుంచి కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఆ కేక వింటే కొట్లాటకొచ్చావేమో అని హడలిపోయేదాన్ని. ఇప్పుడది వినపడక అన్నం సయించటం లేదు, ఒట్టు.

అసలు సంగతి చెప్తాను. మీ నాన్నగారికి పని కుదిరింది! ఆటోనగర్ వెనక మా ఆయన వాళ్ళ కంపెనీ పెద్ద గోడౌన్లు కడుతోంది. మట్టిపనికి మేస్త్రీ కావాలంటే, "పోలిరాజు బాబాయిగారుండగా ఇంకొకళ్ళెందుకండీ" అని నేనే పోరు పెట్టాను. వాళ్ళ కాలనీ మనుషుల్నే ఒక ముఠాగా తెచ్చుకున్నారు. మీ అమ్మగారి పక్కింటి జోగమ్మ మొగుడు కూడా అందులోనే ఉన్నాడు. మా ఆయనకి మీ నాన్నగారంటే ఎంత గురి కుదిరిందో! "కామరాజు బాబు" అంటూ ఆయన పిలుస్తుంటే ఈయనకి సంబరం.

ఈ పనిలో ఒక కొత్త తంతు ఉందే. ఆర్డరిచ్చిన పార్టీ వాళ్ళు మహా గట్టివాళ్ళట. మనిషి లోతు దాటి గొయ్యి తవ్వాలంటే ముందు పర్మిట్ రాయాలి. నేల ఎలాంటిదో, పక్కలు కూలకుండా బల్లలు కొట్టాలో అక్కర్లేదో, దిగేందుకు నిచ్చెన ఉందో లేదో అన్నీ నింపి సంతకం పెట్టాలి. సైటు ఇంజనీరు కాబట్టి ఆ సంతకం మా ఆయనది. ఆ కాగితం గోతి పక్కన వేలాడితేనే మనిషి లోపలికి దిగాలట. "పెళ్ళికి శుభలేఖ విన్నాను గానీ గోతిక్కూడా లేఖేమిటండీ" అని నవ్వాను. ఈయనకి కోపమొచ్చింది. "నవ్వకు. మనుషుల ప్రాణాలు" అన్నారు.

మేమంతా బాగున్నాం. నువ్వూ బాగున్నావని నీ చేత్తో రాస్తే గానీ నమ్మను.

నీ భవాని

*

కిరండూల్ రైల్వే కాలనీ,
జూలై 1998

ఆయ్, గంగాభవానమ్మగారూ! బాగున్నారాండీ?

చూశావా, మీ గోదారోళ్ళ ఆయ్ నాకూ పట్టుబడింది. ఇక్కడ మాట్లాడ్డానికి మనిషి దొరక్క గోడతో మాట్లాడి నేర్చుకున్నాను. మా సన్యాసిరాజుగారికి పట్టాలు మార్చే పాయింట్ల దగ్గర డ్యూటీ. పగలో రాత్రో ఆయనకే తెలీదు. ఇక్కడ కొండంతా ఇనుమే. చీరలు ఉతికితే నీళ్ళు ఎర్రగా దిగుతాయి. ఆయన పంపించే గూడ్సు బళ్ళ మట్టే మీ ఊరొచ్చి ఉక్కవుతుంది. నీ కిటికీ మీద ఎర్రదుమ్ము కనిపిస్తే విసుక్కోకుండా తుడువు, నేనే పంపించాననుకో.

నాయనకి పని కుదిరిందంటే నా గుండెల మీంచి బరువు దిగింది. భూమి ఉక్కు ఫ్యాక్టరీకి పోయాక ఆ మనిషి ఎక్కడా కుదురుకోలేదు. వాచ్‌మన్ పనికి పెడితే కుర్చీలో కూర్చోలేక ఆ కంపెనీ పెరడంతా తవ్వి వంకాయలు వేశాడు, వాళ్ళు తీసేశారు. ఆయనకి చేతికి మట్టి అంటాలి. ఒక సంగతి గమనించావో లేదో, మొదటి గునపం వేసే ముందు పసుపునీళ్ళు చల్లి, నేల తాకి, "తవ్వుతన్నాం తల్లే, కోపగించకు" అని అడుగుతాడు. మీ ఆయన పర్మిట్టు ఇంగ్లీషులో, మా నాయన పర్మిట్టు తెలుగులో. రెండూ ఉన్నాయి కాబట్టి ఇంక నాకు బెంగ లేదు.

అమ్మకి అడ్డపొగ తగ్గించమని చెప్పవే. నీ మాటంటే పోతమ్మగారికి గౌరవం. నిప్పు నోట్లోపల పెట్టుకుని చుట్ట కాలుస్తుంటే మొదటిసారి చూసి నువ్వు "అయ్యో అయ్యో, నోరు కాలిపోతుందండీ" అని చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చావు. ఆ కథ మా అమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పుకుంటుంది.

నువ్వు తక్కువ నవ్వించావా? "గెడ్డకెళ్ళి బట్టలుతుక్కొస్తాను" అంటే, "గడ్డ మీద ఎలా ఉతుకుతావే, నీళ్ళేవీ" అని అడిగావు. గెడ్డంటే మా వైపు వాగే తల్లీ అని చెప్తే, "మీ భాష మీరూ" అని నెత్తి కొట్టుకున్నావు. మీకు గడ్డంటే గట్టి నేల, ఒడ్డు. మాకు గెడ్డంటే నీళ్ళు. ఒక ఊళ్ళో కాపురాలు చేస్తూ ఇంత తేడా ఏటే?

కీర్తన గుంటకి ముద్దులు. బేగి జవాబు రాయి.

తాయారు

*

గాజువాక,
ఆగస్టు 1998

తాయారూ,

వానలు మొదలయ్యాయి. మా వంటింట్లో రెండు చోట్ల గిన్నెలు పెట్టాను. ఓనరుని అడిగితే "కప్పు నాదే గానీ వాన నాది కాదు కదమ్మా" అని ఆయన నవ్వు ఒకటి.

మీ అమ్మగారు అడ్డపొగ తగ్గించానన్నారు. నేను గుమ్మం దాటగానే ముట్టించిన వాసనొచ్చింది.

మీ నాన్నగారి గురించి రాయకపోతే మా ఆయన ఊరుకోరు. సైటు చివర పెద్ద పైపులు వెయ్యాలి. లోతుగా తవ్వాలి. అది మొన్నామధ్య చదును చేసిన జాగా, పైన ఎర్రమట్టి తొక్కించి రాయిలా ఉందట. చూస్తే ఏమీ తెలియటం లేదట. మెత్తటి నేలైతే పక్కలకి బల్లలు కొట్టి, అడ్డదూలాలు బిగించాకే మనిషిని దించాలని రూలు. ఆ బల్లలేమో ఇంకా రాలేదు. పైనుంచి పొద్దస్తమానం ఫోన్లు, వానలు ముదరకముందే పైపులు పడాలని. ఈయనకి తిండి సహించేది కాదు.

నిన్న మీ నాన్నగారినే అడిగారట, "పెద్దాయనా, ఇక్కడ నేల ఎలాంటిది" అని. ఇక్కడ పుట్టి పెరిగిన మనిషి కంటే ఎవరికి తెలుస్తుంది? ఆయన చుట్టూ ఒకసారి చూసి "ఇది గడ్డ బాబూ" అన్నారట. ఈయనకి ప్రాణం లేచొచ్చింది. గట్టి నేల, బల్లలక్కర్లేదు, స్థానిక మేస్త్రీ చెప్పిన ప్రకారం అని పర్మిట్‌లో రాసి సంతకం పెట్టేసి ఇంటికొచ్చారు. పప్పుచారు పోసుకుని రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. "హమ్మయ్య, గడ్డన పడ్డాం భవానీ" అన్నారు. చాన్నాళ్ళకి ఆయన మొహంలో నవ్వు చూశాను.

ఈ వారంలోనే తవ్వకం మొదలు. అది కాగానే మీ నాన్నగారు నిన్ను చూడ్డానికి కిరండూల్ వస్తానంటున్నారు. ఆయన చేత ఏం పంపమంటావు? మాగాయ ఉంది, చల్లమిరపకాయలున్నాయి.

నీ భవాని

*

కిరండూల్,
ఆగస్టు 1998

భవానీ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. చదివి పక్కున నవ్వాను. గడ్డేటే, గెడ్డ! ఇన్నేళ్ళయినా నీకు రాలేదు అనుకున్నాను. నవ్వుకుంటూనే లేచి అన్నం వార్చబోయాను. గంజి వంపుతుంటే చెయ్యి ఆగిపోయింది.

సైటు చివరంటే పాత రాళ్ళ వంతెన వైపేనా? అయితే అది మా గెడ్డే. నేను ఈత నేర్చుకున్న చోటు. ఫ్యాక్టరీలొచ్చాక బూడిదా చెత్తా పోసి, పైన మట్టేసి కప్పేశారు. పైన ఎంత తొక్కించినా కింద ఇప్పటికీ నీళ్ళు ఊరతాయి. నాయన గెడ్డ అనే అని ఉంటాడు. ఆ మాట ఎవరికైనా తెలుస్తుందనుకునే మనిషి. బాబుకి చెప్పేశాను, ఇంక బాబు చూసుకుంటాడు అని ఊరుకుని ఉంటాడు. కాగితం వేలాడదీశాక, అన్నీ సరిచూసే పెట్టారనుకుని ముందు ఆయనే దిగుతాడు.

ఈ ఉత్తరం అందగానే అన్నయ్యగారికి చెప్పు. వంట మీదున్నా ఆపేసి చెప్పు. బల్లలు వచ్చేదాకా ఎవర్నీ దించొద్దను.

ఎస్టీడీ బూతుకి పరిగెత్తాను. వానకి లైన్లు పోయాయట, తంతి కూడా వెళ్ళదట. ఇప్పుడు కదిలే గూడ్సు గార్డు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. కొత్తవలసలో పోస్టు డబ్బాలో వేస్తానన్నాడు. నా భయం ఉత్తిదైతే నన్ను జన్మంతా ఎక్కిరించు, పడతాను.

తాయారు

*

గాజువాక,
ఆగస్టు 1998

తాయారూ,

టెలిగ్రాం అందిందో లేదో తెలీదు. ఘాట్‌లో కొండచరియలు పడి మీ రైళ్ళు ఆగిపోయాయని చెప్పారు. ఎవరైనా చెప్పాక ఇది చదువుతున్నావో, ఇది చదివే తెలుసుకుంటున్నావో. ఎలా రాయనే?

మీ నాన్నగారు లేరు.

పొద్దున్న పైపు దించుతుంటే కందకం పక్క విరిగి మీద పడింది. లోపల ఇద్దరున్నారు, మీ నాన్నగారూ జోగమ్మ భర్తా. ఇద్దరూ దక్కలేదు. మా ఆయన గునపం వెయ్యనివ్వలేదట, తగులుతుందేమోనని. చేతులతోనే తోడారు. గోళ్ళు ఊడిపోయాయి. బయటికి తీసేసరికే అయిపోయింది. మొహం మీద ఏమీ దెబ్బ లేదు. నిద్రపోతున్నట్టే ఉన్నారు, నేను చూశాను.

నీ కోసం చూశారు. వర్షం, రైళ్ళు లేవు, ఉంచలేకపోయారు. మీ బాబాయి కొడుకు తాతబాబు తలకొరివి పెట్టాడు. మీ అమ్మగారు ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని "గుంట రానేదేటమ్మా" అని అడుగుతూనే ఉన్నారు.

మగవాళ్ళు శ్మశానం నుంచి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు, పోస్టుమాన్ నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. నిలబడే చదివాను.

ఇంక నా చేత కాదు తాయారూ.

భవాని

*

కిరండూల్,
సెప్టెంబరు 1998

శ్రీమతి గంగాభవాని గారికి,

మీ ఉత్తరం ఎక్కడెక్కడో చుట్టు తిరిగి చేరింది. రైలు దారి ఇంకా తెరవలేదు. నాయన పెద్దకర్మ నాడు ఇక్కడే కొళాయి కింద తలారా స్నానం చేసి, ఒక ముద్ద కాకికి పెట్టాను. కాకి వచ్చిందో లేదో చూడలేదు, లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

నిన్న తాతబాబు ఉత్తరం వచ్చింది. మీ కంపెనీ వాళ్ళు కాలనీకి వచ్చారట. అందరి ముందూ ఆ పర్మిట్ చదివి వినిపించారట. గట్టి నేలని పోలిరాజే చెప్పాడు, మా ఇంజనీరు ఆయన మాట నమ్మాడు, ఇందులో కంపెనీ తప్పేముంది అన్నారట. మా కాలనీలో అది గెడ్డని తెలియనివాళ్ళు లేరు. అందుకే ఇప్పుడు అందరూ ఒకటే మాట. తెలిసి తెలిసీ, పని చేజారిపోతుందని పోలిరాజు అబద్ధం చెప్పాడు, జోగమ్మ ఇంటి మగాణ్ణి చంపేశాడు అని. మా అమ్మతో ఎవరూ మాట్లాడటం లేదు.

మా నాయన అబద్ధమాడడు. ఆ మాట మీకు వేరే రాయక్కర్లేదు.

ఆ రోజు అక్కడున్నది ఇద్దరే. ఒకరు పోయారు. రెండో ఆయన మీ ఇంట్లో ఉన్నారు. మా నాయన నోట ఏ మాట వచ్చిందో ఆయనే చెప్పాలి. మాకు మీ దగ్గర్నుంచి ఇంకేమీ అక్కర్లేదు.

ఇట్లు,
తాయారు

*

గాజువాక,
సెప్టెంబరు 1998

తాయారూ,

ఎన్నయినా తిట్టు. మీరు అని మాత్రం రాయకే. ఆ ఒక్క మాటకి రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు.

నిజం రాస్తాను. ఆయనకి ఇంకా తెలీదు. నీ ఉత్తరం సంగతి నేను చెప్పలేదు.

కంపెనీ వాళ్ళు ఈయన్ని సైటుకీ కాలనీకీ వెళ్ళొద్దన్నారు. ఎవరైనా అడిగితే కాగితంలో ఉన్నదే చెప్పమన్నారు. ఆయనకి కాగితంలో ఉన్నదే నిజం, ఆయన దాచేదేమీ లేదు. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటారు. గోళ్ళకి కట్టిన గుడ్డలు నేనే మారుస్తున్నాను. "పెద్దాయన అలా ఎందుకు చెప్పాడు భవానీ? గట్టిది కాదంటే నేను ఆపేవాణ్ణి కదా. నేనంటే భయమా" అని నన్నడుగుతారు. ఏం చెప్పనే? ఆయన సరిగ్గానే చెప్పాడు, మీకే అర్థం కాలేదు అననా? ఆ మాటంటే ఈ మనిషి నాకు మిగులుతాడా? మొన్న కీర్తనని స్కూల్లో దింపడానికి వెళ్ళి, దాన్ని గేటు దగ్గర మర్చిపోయి, ఒక్కరే తిరిగొచ్చారు.

ఉద్యోగం గురించి కాదని అబద్ధం చెప్పను. అదీ ఉంది. కేసవుతుందనీ అంటున్నారు. కానీ ముందు నాకు మనిషి కావాలి.

గెడ్డంటే ఏమిటో ఈ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నువ్వే నేర్పావు. ఆ రాత్రి ఆయన గడ్డ అంటే, ఇంకో గరిటె పప్పుచారు పోశానే గానీ నా బుర్రకి తట్టలేదు. నీకు ఉత్తరంలో కూడా గడ్డ అనే రాశాను. నా చేత్తోనే రాశాను తాయారూ.

కొంచెం ఆగు. ఆయన కోలుకోనీ. తర్వాత చెప్తాను, ఒట్టు.

భవాని

*

అమ్మ ఇంటి నుంచి,
అక్టోబరు 1998

భవానీ,

దారి తెరిచారు. వచ్చాను. ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరం రాస్తున్నానని ఆశ్చర్యపోకు. తాతబాబు చేత పంపుతున్నాను. ఎదురుగా మాట్లాడితే నిన్నేమంటానో నాకే తెలీదు.

పొద్దున్న అమ్మతో కొళాయికి వెళ్ళాను. మా అమ్మ బిందె వరసలో పెడితే, జోగమ్మ దాన్నెత్తి అవతల బురదలో పెట్టింది. "నీ మొగుడు నా మొగుణ్ణి గోతిలోకి దింపీసినాడు. పని కోసరం గట్టి నేలని సెప్పీసినాడు. నీ బిందె నా బిందె పక్కన ఎట్టకు" అంది. జోగమ్మ నన్నెత్తుకుని పెంచిన మనిషి. అమ్మ బిందె కడుక్కుని "ఆయన అలగ సెప్పడే జోగీ" అంది, అంతే. వరస చివరికెళ్ళి నిలబడింది. మా వంతు వచ్చేసరికి నీళ్ళు ఆగిపోయాయి. రోజూ ఇంతేనట.

అమ్మని నాతో వచ్చెయ్యమన్నాను. రానంటోంది. "మీ నాయన మాట ఇక్కడ పడిపోయిందే. దాన్నొగ్గీసి నానెలగ వత్తాను?" అంటోంది.

సాయంత్రం మీ వీధికొచ్చాను. గుమ్మం దాకా వచ్చాను. లోపల దీపం వెలుగుతోంది. కీర్తన పలక పెట్టుకుని గుణింతం చదువుతోంది, గె గే గై అని. నీ గొంతు వినపడింది, దానికి అన్నం తినమని చెప్తున్నావు. తలుపు కొట్టబోయి తిరిగొచ్చేశాను. మీ ఇంట్లో ఇంకా దీపం ఉంది, నా చేత్తో ఎందుకు ఆర్పాలి అనిపించింది. నీ మొగుడి స్థానంలో మా ఆయన ఉంటే నేనూ నోరు మూసుకునేదాన్నేమో. నాకు తెలీదు.

ఇంక నిన్నడగను. ఎల్లుండి బండికి వెళ్ళిపోతున్నాను. నీ ఒట్టు కూడా నువ్వే ఉంచుకో.

తాయారు

*

గాజువాక,
నవంబరు 1998

తాయారూ,

చెప్పేశాను.

నీ ఉత్తరం తాతబాబు ఇచ్చిన రోజే చెప్దామనుకున్నాను, నోరు రాలేదు. తర్వాత ఇంకెన్ని రోజులు పోయాయో. చివరికి ఒక ఆదివారం ఆయన కీర్తనకి గుణింతం దిద్దిస్తున్నారు. అది 'గె' రాయటం మర్చిపోయి 'గ' రాస్తే, "దీనికి ఎత్వం ఏదే" అని అడిగారు. నేను గిన్నెలు తోముతున్నదాన్ని లేచొచ్చి ఎదురుగా నిలబడ్డాను. "ఏవండీ, ఆ రోజు బాబాయిగారు గడ్డ అన్నారా, గెడ్డ అన్నారా" అని అడిగాను.

ఆయన ఏమన్నారో తెలుసా? "గెడ్డ అన్నాడు. వీళ్ళు అలాగే పలుకుతారుగా" అన్నారు.

తాయారూ, ఆయన సరిగ్గానే విన్నారే! చెవి తప్పు కాదు. వీళ్ళు నేనుని నాను అంటారు, చేపని సేప అంటారు, అలాగే గడ్డని గెడ్డ అంటారు అనుకున్నారు. మీ నాన్నగారి మాటకి యాస తీసేసి, సరిచేసి, కాగితం మీద పెట్టారు. మీ నాన్నగారు చెప్పినదాని ప్రాణం అంతా ఆ ఎత్వంలోనే ఉంది. అదే తీసేశారు.

గెడ్డంటే వాగండీ అన్నాను. కాసేపు ఆయనకి ఎక్కలేదు. తర్వాత పలక కీర్తన చేతికిచ్చేసి, "లోపలికెళ్ళు తల్లీ" అన్నారు. "చివర్లో ఇంకో మాట కూడా అన్నాడు భవానీ. ఇది గెడ్డ బాబూ, మరి సూసుకోండి అన్నాడు. కావాలంటే మీరే చూసుకోండి, నా మాట తప్పదు అంటున్నాడనుకున్నాను. జాగ్రత్త అని చెప్పాడా?" అన్నారు. అలా ఏడవటం నేను మా మావగారు పోయినప్పుడు కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే కాలనీ కొళాయి దగ్గరికి వెళ్ళారు. వద్దనలేదు, నేనూ వెంట వెళ్ళాను. నీళ్ళ వేళ కదా, అందరూ ఉన్నారు. మీ అమ్మగారు వరస చివర ఉన్నారు. ఈయన చెప్పులు విడిచి నిలబడి, అందరికీ వినపడేలా చెప్పారు. "పోలిరాజుగారు అబద్ధం చెప్పలేదు. గెడ్డ అనే చెప్పారు. జాగ్రత్త పడమని కూడా చెప్పారు. నాకు మీ మాట రాదు. గడ్డ అనుకుని గట్టి నేలని రాసింది నేను. సంతకం పెట్టింది నేను" అన్నారు.

జోగమ్మ వచ్చి రెండు చేతులా ఆయన చొక్కా పట్టుకుని ఊపేసింది. "మా బాస రాకపోతే అడగనేవేటి బాబూ! ఇంకోపాలి అడిగితే నీ సొమ్మేటి పోయింది" అని కొట్టింది. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. నేను వెళ్ళి విడిపించలేదు. ఎవరూ విడిపించలేదు.

మీ అమ్మగారు బిందె కింద పెట్టి, ఉన్నచోటే కూలబడి ఏడ్చారు. ఆవిడ ఏడవటం అదే మొదలట. అన్నాళ్ళూ ఏడవలేదట తాయారూ.

అక్కణ్ణుంచి లేబరాఫీసుకి వెళ్ళి అదే మాట తెలుగులోనే రాసి ఇచ్చారు. సాయంత్రానికల్లా కంపెనీ పొమ్మంది. పోలీసు కేసు కూడా పెడతారట. పెట్టనీ. ఈ వారంలో ఇల్లు ఖాళీ చేసి మండపేటలో మా అన్నయ్య ఇంటికి వెళ్తున్నాం. కేసు పిలిచినప్పుడల్లా వస్తారు. నిన్న రాత్రి చాన్నాళ్ళకి కాసేపు నిద్రపోయారు.

క్షమించమని అడగటానికి నాకు మొహం లేదు. ఇంతకాలం ఆగినందుకు నన్ను నేనే క్షమించుకోలేను. రోజూ ఆ కొళాయి దగ్గర మీ అమ్మగారు చివర నిలబడుతుంటే, ఇక్కడ నేను తలుపేసుకుని నా మొగుణ్ణి కాపాడుకున్నాను.

కొత్త అడ్రసు కింద రాస్తున్నాను. రాయాలనిపిస్తే రాయి.

భవాని

*

కిరండూల్,
ఫిబ్రవరి 1999

భవానీ,

ఇది రాయటానికి ఇన్నాళ్ళు పట్టింది. మొదలెట్టినవి రెండు చింపేశాను. ఒకదాంట్లో నిన్ను బాగా తిట్టాను. ఇంకోదాంట్లో బాగా ఏడ్చాను. రెండూ నిజమే.

అమ్మని తీసుకురావటానికి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి జోగమ్మ మా ఇంట్లోనే ఉంది. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని అడ్డపొగ కాలుస్తున్నారు. కొళాయి దగ్గర ఇప్పుడు అమ్మ బిందె జోగమ్మే పట్టి తెస్తోందట. అమ్మ వద్దన్నా వినదట.

మీ ఆయన్ని ఇంకా అన్నయ్యగారూ అని రాయలేకపోతున్నాను. కొన్ని రోజులు కోపం కొండంత లేస్తుంది. నాయన గెడ్డ అన్నాడని తెలిశాక ఇంకా ఎక్కువైంది. అబద్ధమాడి పోయినా బాగుండును, నిజం చెప్పి పోయాడే అని. మళ్ళీ, చెప్పులు విడిచి నిలబడ్డాడని నువ్వు రాసింది గుర్తొస్తుంది. ఆయన గోళ్ళు మళ్ళీ వచ్చాయా? అడగాలనిపించింది, అడిగాను.

నిన్ను మాత్రం మీరు అని ఇంక రాయలేను. నా వల్ల కాదు.

అమ్మ రానంటుందేమోనని భయపడ్డాను. తనే మూట కట్టుకుంది. "మీ నాయన మాట నిలబడింది. ఇంక పద" అంది. లేబరాఫీసు వాళ్ళు మీ ఆయన రాసిచ్చిన దాని నకలు అమ్మకి ఇచ్చారు. దాన్ని చీర మడతల్లో పెట్టుకుని రైలెక్కింది.

అరకు దాటాక సొరంగాలన్నీ అయిపోయి వెలుగొచ్చింది. అమ్మ ఆ కాగితం తీసి ఒళ్ళో పరుచుకుంది. "ఇందల మీ నాయన మాటేదే" అంది. అమ్మకి చదువు రాదు కదా. అమ్మ వేలు పట్టుకుని గెడ్డ అన్న చోట పెట్టాను.

"మరి ఆ బాబు ముందల అనుకున్నదేటి?"

"గడ్డ అనుకున్నారమ్మా, గట్టి నేలని. రెండూ ఒకలాగే ఉంటాయి. దీనికి పైన ఎత్వం ఉంది, దానికి లేదు."

"ఏదే? ఈ కొక్కెం లాటిదా?"

"అదే."

"ఇంతేనా?" అంది.

అవునన్నాను. కోరాపుట్ వచ్చేదాకా అమ్మ దాని మీంచి వేలు తియ్యలేదు.

తాయారు